జరుగుతుందా? – ఎంతవరకు జరగవచ్చు?

కడప జిల్లాలో కందిమల్లాయపల్లె ఎక్కడ అని అడిగితే చాలామంది కాసేపు ఆలోచిస్తారు. బ్రహ్మంగారి మఠం అంటే మాత్రం తెలుగుదేశంలో తెలియనివారు అరుదు. పోతులూరి వీరబ్రహ్మంగారు జీవసమాధి అయిన చోటు అది. ఏటేటా వైశాఖమాసంలో అక్కడ ఆరాధన జరుగుతుంది. ప్రొద్దుటూరు నుంచి, జమ్మలమడుగు నుంచి, పులివెందుల నుంచి, ఇంకా ఎక్కడెక్కడి నుంచో జనం వస్తారు. దర్శనానికి వచ్చినవారి మనసుల్లో ఏదో ఒక ప్రశ్న వుండనే వుంటుంది. ఈ ఏడు వాన పడుతుందా? అమ్మాయికి సంబంధం కుదురుతుందా? అబ్బాయికి వుద్యోగం వస్తుందా? మాటలు వేరైనా అడిగేది ఒకటే – "జరుగుతుందా?"

ఈ ప్రశ్నకు రెండే జవాబులు: అవును, కాదు. జోస్యం ఈ రెంటిలో ఏదో ఒకటి చెబుతుంది. అయితే మనం అంతగా అడగని ప్రశ్న ఇంకొకటి వున్నది. "ఎంతవరకు జరగవచ్చు?" అన్నది ఆ రెండో ప్రశ్న. దీనికి అవును–కాదులు పనికిరావు. రూపాయిలో పావలా వంతా, అర్ధరూపాయి వంతా, ముప్పావలా వంతా అని కొలిచి చెప్పాలి. ఆ కొలిచే విద్యకు సంభావ్యతా సిద్ధాంతమని పేరు. దానికి కావలసిన లెక్కలు పోగుచేసి, వాటిని అర్థం చేసుకునే విద్యకు సాంఖ్యక శాస్త్రమని, గణాంక శాస్త్రమని పేర్లు.

నేను లెక్కల మేష్టరును కాను. తెలుగు చెప్పుకుని బతికేవాణ్ణి. అందువల్ల ఈ శాస్త్రంలోకి సూత్రాల దారిన కాక మాటల దారిన పోవడమే నాకు వీలు. పాఠకులకూ అదే సులువు కావచ్చు. మన పిల్లలు హైస్కూల్లో బట్టీపట్టే ఈ మాటలు ఇంట్లో పెద్దవాళ్ళకు తెలిసివుంటే ఎన్నో సంసారాలకు నష్టమూ, నిష్ఠూరమూ తప్పుతవని నా నమ్మకం.

దత్తమండలాలు – దత్తాంశాలు

మొట్టమొదటి మాట దత్తాంశం. దత్తము అంటే ఇచ్చినది. మా సీమవారికి ఈ మాట కొత్తదేమీ కాదు. 1800లో నిజాం నవాబు కడప, బళ్ళారి మొదలైన సీమలను ఈస్టిండియా కంపెనీకి ఇచ్చివేసినందువల్ల వాటికి దత్తమండలాలని పేరు వచ్చింది. అదే దత్తం ఇక్కడా. మనకు చేతికి వచ్చిన లెక్కలే దత్తాంశాలు. చిత్రమేమిటంటే, దత్తమండలాలు చేతికి వచ్చిన తరువాత కంపెనీవారు చేసిన ముఖ్యమైన పనుల్లో ఒకటి దత్తాంశాలు పోగుచేయడమే. 1800 నుంచి 1807 వరకు ఇక్కడ కలెక్టరుగా వున్న థామస్ మన్రో పొలాలన్నీ కొలిపించి, ఏ చేను ఎంత, ఏ నేల ఏపాటిది, శిస్తు ఎంత కట్టగలదు అని రాయించాడు. కొలవనిదే పాలించడం కుదరదని ఆయనకు తెలుసు.

దత్తాంశాలలో ఒకే అంకె మళ్ళీ మళ్ళీ వస్తూ వుంటే, అది ఎన్నిసార్లు వచ్చిందో ఆ లెక్కకు పౌనఃపున్యం అని పేరు. నోరు తిరగని మాటే గాని విడదీస్తే ఏమీ లేదు. పునః, పునః – మళ్ళీ, మళ్ళీ. అంతే.

సగటు చేసే మోసం

అందరికీ తెలిసిన మాట సగటు. అన్నీ కూడి, ఎన్ని వున్నవో అన్నింటితో భాగించడం. ఇంత మంచి మాట, ఇంత మోసం చేసే మాట ఇంకొకటి లేదు.

కడప జిల్లాలో ఏడాదికి సగటు వర్షం సుమారు 700 మిల్లీమీటర్లు. సరే, ఇప్పుడు రెండు వూళ్ళు వూహించుకోండి. మొదటి వూళ్ళో అయిదేళ్ళ వానలు వరసగా 720, 690, 710, 680, 700. రెండో వూళ్ళో 1050, 420, 980, 380, 670. కూడి చూడండి. రెండు చోట్లా మొత్తం 3500. రెండు చోట్లా సగటు 700. కాగితం మీద రెండు వూళ్ళూ కవలపిల్లలే. కాని రైతును అడిగి చూడండి. మొదటి వూళ్ళో అయిదేళ్ళూ వేరుసెనగ పండింది. రెండో వూళ్ళో రెండేళ్ళు పైరు మునిగింది, రెండేళ్ళు ఎండింది, ఒక్క ఏడాది ఇంటికి వచ్చింది. సగటు చూసి అప్పు తెచ్చిన రైతు మునిగేది ఇట్లాగే.

కాబట్టి సగటు ఒక్కటి చెబితే చాలదు. ఒక్కొక్క ఏడు ఆ సగటుకు ఎంత దూరం పోయిందో కూడా చెప్పాలి. ఆ దూరమే విచలనం. చలించడం, అంటే వున్న చోటు నుంచి కదలడం. ఈ దూరాలను వున్నవి వున్నట్టుగా కూడితే పైకి పోయినవీ కిందికి పోయినవీ ఒకదాన్ని ఒకటి కొట్టేసుకుని సున్నా మిగులుతుంది. అందుకని ఒక్కొక్క దూరాన్ని వర్గం చేసి, ఆ వర్గాల సగటు కట్టి, చివరికి దాని వర్గమూలం తీస్తారు. వచ్చినదానికి ప్రామాణిక విచలనమని పేరు. కొన్ని పాఠ్యపుస్తకాలలో క్రమవిచలనం అంటారు. పై లెక్కలో మొదటి వూరి విచలనం 14 మిల్లీమీటర్లు. రెండో వూరిది 277. కవలపిల్లలనుకున్నవాళ్ళకు పోలికే లేదని ఇప్పుడు తేలింది. సగటు రైతు ఆశను చెబుతుంది. విచలనం అతని గుండెదడను చెబుతుంది.

మన పెద్దలకు ఈ మాట తెలియకపోయినా విషయం తెలుసు. మఠానికి ఆ పక్కనే పోరుమామిళ్ళ చెరువు వున్నది. 1369లో బుక్కరాయల కుమారుడు భాస్కరుడు దాన్ని కట్టించాడు. వెయ్యిమంది కూలీలు, నూరు బండ్లు, రెండు సంవత్సరాల పని అని అక్కడి శాసనమే లెక్క చెబుతున్నది. చెరువు కట్టినంత మాత్రాన వాన ఒక్క చుక్క ఎక్కువ కురవదు. మంచి ఏడు కురిసిన నీటిని చెడ్డ నెలలకు దాచిపెడుతుంది, అంతే. అంటే చెరువు పని సగటును పెంచడం కాదు, విచలనాన్ని తగ్గించడం. ధాన్యం పాతరా, ఇల్లాలి పోపులడబ్బాలోని చిల్లరా చేసేది కూడా అదే పని. ఈ ఏర్పాట్లను మించిన విచలనం వచ్చినప్పుడు ఏమవుతుందో ఈ సీమ 1876–78 నాటి ధాత కరువులో చూసింది.

మధ్యవాడు, మందిలో వాడు

సగటుకు ఇద్దరు తమ్ముళ్ళున్నారు. పెద్దవాడు మధ్యగతం. ఒక వీధిలో ఏడు ఇళ్ళున్నవనుకోండి. ఆరు ఇళ్ళవారి నెల రాబడి 12, 14, 15, 16, 18, 20 వేల రూపాయలు. ఏడో ఇల్లు బంగారు అంగడి యజమానిది – ప్రొద్దుటూరు బంగారు అంగళ్ళకు ప్రసిద్ధి గదా – ఆయనకు 4 లక్షల 65 వేలు. సగటు కడితే ఇంటికి 80 వేలు! ఆరు ఇళ్ళవారు ఆ అంకె విని ఎవరి జేబు వారు తడుముకోవలసిందే. అందరినీ రాబడి ప్రకారం వరసగా నిలబెట్టి నడుమ నిలిచినవాణ్ణి అడగండి: 16 వేలు అంటాడు. అతడే మధ్యగతం. వరసలో మధ్యకు పోయి నిలిచినవాడన్నమాట. బంగారు అంగడి యజమాని రాబడి రెట్టింపయినా ఇతడు కదలడు. జీతాలు, ఇళ్ళ ధరలు, ఆస్తులు – ఇట్లాంటి వాటి విషయంలో ఎవరైనా సగటు చెబితే, "మధ్యగతం ఎంతండీ?" అని అడగడం మంచిది. "మా కాలేజీలో చదివినవారికి సగటు జీతం ఇంత" అని ప్రకటన చూసి పిల్లవాడి ఫీజుకు పొలం తాకట్టు పెట్టబోయే తండ్రి మొదట అడగవలసిన ప్రశ్న ఇదే.

చిన్నవాడు బాహుళకం. ఎక్కువసార్లు వచ్చేది ఏదో అది. ఆరాధన తిరునాళ్ళలో గాజుల మల్లారం పెట్టుకున్న మనిషిని చూడండి. రెండు–నాలుగు, రెండు–ఆరు, రెండు–ఎనిమిది అని గాజులకు సైజులుంటవి. వచ్చే ఆడవాళ్ళ ముంజేతుల సగటు కొలత కట్టి ఆ ఒక్క సైజే తెచ్చిపెట్టుకుంటే ఆ గాజు కొందరికి ఎక్కదు, కొందరికి నిలవదు. ఎక్కువమంది అడిగే సైజేదో చూసుకుని దాన్నే ఎక్కువ డజన్లు తెచ్చుకుంటాడు. ఏ పుస్తకమూ చదవకుండానే బాహుళకం తెలిసినవాడతడు.

ఒక్క మెతుకు

వూళ్ళో వున్న ఇళ్ళన్నీ, చేలన్నీ లెక్కపెట్టాలంటే ఖర్చు, కాలం. అందుకని కొన్నింటిని ఎంచి చూసి అన్నింటి సంగతీ చెప్పే పద్ధతి ఒకటి వున్నది. అన్నింటినీ కలిపి సమష్టి అనీ, ఎంచి తీసినవాటిని ప్రతిరూపం అనీ అంటారు. ఇల్లాళ్ళకు ఇది చెప్పవలసిన పని లేదు. అన్నం వుడికిందో లేదో చూడడానికి ఒక్క మెతుకు చాలు. అయితే ఈ సామెత వెనకాల చెప్పని షరతు ఒకటి వున్నది. గరిటెతో ఒకసారి కలియబెట్టి వుండాలి. అడుగున మాడి, పైన పలుకుగా వున్న గిన్నెలో ఏ మెతుకు పట్టుకున్నా అది చెప్పేది సగం నిజమే. వేరుసెనగ బస్తా కొనే వ్యాపారి మూతి దగ్గర కాయలు చూసి బేరం తేల్చడు. మొన దేలిన బోలు ఇనుపగొట్టం బస్తా నడుముకు గుచ్చి లోపలి కాయలు లాగి చూస్తాడు. మూతి దగ్గర మంచి కాయలు సర్దే విద్య అతనికీ తెలుసు గదా!

ఆ కలియబెట్టడానికే శాస్త్రంలో యాదృచ్ఛికం అని పేరు. ఈ మాట వినగానే మనకు తోచే అర్థం ఏదో పొరపాటున, ఇష్టం వచ్చినట్టు అని. ఇక్కడ అర్థం తద్విరుద్ధం. ఎవరి ఇష్టమూ సాగకుండా చీటీ వేసి తీయడం అన్నమాట. పంటకోత ప్రయోగాలు ఇట్లాగే చేస్తారు. ఏ సర్వే నెంబరు చేను తీసుకోవాలి, ఆ చేనులో ఎన్ని అడుగులు నిలువుగా, ఎన్ని అడుగులు అడ్డంగా నడిచి గుంజ పాతాలి అన్నది యాదృచ్ఛిక సంఖ్యల పట్టిక చెబుతుంది. సాధారణంగా అయిదు మీటర్ల పొడవు, అయిదు మీటర్ల వెడల్పు గల మడి గీసి, అందులోని పంట కోసి, తూకం వేస్తారు. ఆ తూకాల సగటే ఆ ప్రాంతపు దిగుబడి. 2016లో వచ్చిన ప్రధానమంత్రి ఫసల్ బీమా వంటి పథకాలలో పరిహారం ఈ దిగుబడి మీదనే ఆధారపడుతుంది.

ఇక్కడే రైతుకు కోపం వస్తుంది. "ఎండిపోయింది నా చేను. కోసింది ఎవడి చేనో. ఇదేం న్యాయం?" అంటాడు. అతని బాధ అబద్ధం కాదు. కాని ఎండిన చేనునే చూసి కోయాలంటే రేపు ఇంకొకడు పండిన చేనునే చూసి కోయమంటాడు. దారి పక్క చేను కోస్తే నీరు దగ్గరున్నవాడి పంటే లెక్కకు ఎక్కుతుంది. ఎంచే మనిషి ఇష్టం దూరినంత మేరకు లెక్క ఒక పక్కకు ఒరుగుతుంది. చీటీకి మొహమాటం లేదు, బంధువులు లేరు. అయితే ఒకటి ఒప్పుకోవాలి. చీటీ వేసి తీసిన సగటు ప్రాంతం మొత్తానికి న్యాయం; అందులో ఒక్క చేను విచలనం దానికి కనబడదు. ఏ చిన్న ప్రాంతాన్ని ఒక లెక్కగా తీసుకుంటారో, ఎన్ని మళ్ళు కోస్తారో అన్నదాని మీద రైతుకు అందే న్యాయం ఆధారపడి వుంటుంది. సగటు మీద కోపగించేకంటే ఈ రెండు ప్రశ్నలు అడగడం రైతుకు లాభం.

తాండ్రచెట్టు కింద

ఈ ప్రతిరూపం కథ మన భారతంలోనే వున్నది. అరణ్యపర్వంలో నలోపాఖ్యానం అందరూ ఎరిగినదే. జూదంలో రాజ్యం పోగొట్టుకున్న నలుడు బాహుకుడనే పేరుతో ఋతుపర్ణ మహారాజు దగ్గర సారథిగా చేరతాడు. విదర్భకు రథం తోలుతూ వుండగా దారిలో తాండ్రచెట్టు ఒకటి కనబడుతుంది. ఋతుపర్ణుడు కొమ్మలు చూసి ఆకులెన్నో కాయలెన్నో చెబుతాడు. సంస్కృత భారతంలో రెండు కొమ్మలకు 2095 పళ్ళని లెక్క కూడా వున్నది. నలుడు నమ్మడు. రథం దిగి, చెట్టు కొట్టించి లెక్కపెడతాడు. సరిపోతుంది. అప్పుడు ఋతుపర్ణుడు అతనికి అక్షహృదయం, అంటే పాచికల రహస్యం నేర్పుతాడు. అది తెలిసిన మరుక్షణం నలుణ్ణి పట్టుకున్న కలి వదిలిపోయి ఆ తాండ్రచెట్టులోనే దూరుతాడు.

ఈ కథలో సూక్ష్మం గమనించండి. అక్షమంటే పాచిక, తాండ్రకాయకూ అక్షమనే పేరు. పూర్వం ఆ కాయలే పాచికలు. కొమ్మలు చూసి చెట్టును అంచనా వేసే విద్యా, పాచికల విద్యా పక్కపక్కనే వున్నవని, రెండూ ఒకే మనిషి దగ్గర వున్నవని ఆ కథకుడు ఎరుగును. గణాంకమూ సంభావ్యతా కవలలని పాశ్చాత్యులు గుర్తించింది ఎంతో తరువాత. ఇంకొక సూక్ష్మం – నలుడు జూదంలో ఓడింది అదృష్టం లేక కాదు, లెక్క తెలియక. లెక్క తెలియగానే కలి వదిలాడు.

మన కాలంలో ఈ విద్యకు ఒక తెలుగువాడే ఋతుపర్ణుడయ్యాడు. కల్యంపూడి రాధాకృష్ణారావుగారు 1920 సెప్టెంబరు 10న బళ్ళారి సీమలోని హూవిన హడగలిలో పుట్టారు. అదీ దత్తమండలమే. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివి కలకత్తా వెళ్ళారు. మహలనోబిస్ మహాశయుడు 1931లో స్థాపించిన ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో చేరారు. కలకత్తా విశ్వవిద్యాలయంలో పాఠం చెబుతూ వుండగా ఒక విద్యార్థి లేచి, "పెద్ద ప్రతిరూపాలకు మీరు చెప్పిన సూత్రం చిన్న వాటికీ చెల్లుతుందా?" అని అడిగాడట. రావుగారు ఆ రాత్రి కూర్చుని జవాబు సాధించారు. 1945లో అది అచ్చయింది. ఇన్ని దత్తాంశాలు చేతిలో వుంటే అంచనా ఎంతవరకు సూక్ష్మంగా రాగలదు, ఇంక అంతకు మించి ఎవరి తరమూ కాదు అని గీసిన హద్దు అది. ప్రపంచమంతా దాన్ని క్రామర్–రావు హద్దు అంటుంది. అప్పటికి ఆయనకు నిండా పాతికేళ్ళు. 2001లో పద్మవిభూషణ్, 2023లో అంతర్జాతీయ సాంఖ్యక బహుమతి అందుకుని, అదే ఏడు ఆగస్టులో 102 ఏళ్ళ వయసున అమెరికాలో కన్నుమూశారు.

అష్టా – చెమ్మా

ఇక సంభావ్యత. అలంకారశాస్త్రం చదివినవారికి సంభావన అంటే ఏమిటో తెలుసు. ఒకటి మరొకటి కావచ్చునని వూహించడం. ఉత్ప్రేక్షకు అదే ప్రాణం. కవి "కావచ్చు" అని వూరుకుంటాడు. లెక్కలవాడు "ఎంత కావచ్చు?" అని అడుగుతాడు. తేడా అంతే.

అష్టాచెమ్మా ఆట ఇంటింటా వున్నదే. నాలుగు గవ్వలు. నాలుగూ వెల్లకిల పడితే చెమ్మ, నాలుగూ బోర్ల పడితే అష్ట. ఒక్కొక్క గవ్వ పడే తీరు రెండు. నాలుగింటికి కలిపి రెండు రెళ్ళు నాలుగు, నాలుగు రెళ్ళు ఎనిమిది, ఎనిమిది రెళ్ళు పదహారు తీరులు. వీటిలో చెమ్మ ఒక్కటి, అష్ట ఒక్కటి, రెండు పడే తీరులు ఆరు, ఒకటి పడేవి నాలుగు, మూడు పడేవి నాలుగు. కాబట్టి చెమ్మ సంభావ్యత పదహారో వంతు. అష్టదీ అంతే. మనకు కావలసిన తీరులను మొత్తం తీరులతో భాగించడమే సూత్రమంతా. అసంభవానికి విలువ సున్నా, తప్పక జరిగేదానికి ఒకటి. లోకంలోని సందేహాలన్నీ ఈ రెంటికీ నడుమ ఇరుక్కుని వున్నవి.

అయితే ఇందులోనూ షరతు వున్నది. అన్ని తీరులూ సమసంభవాలు కావాలి. గవ్వ అచ్చు నాణెం కాదు. దాని వీపు ఒక రకం, పొట్ట ఒక రకం. వెల్లకిల పడడం, బోర్ల పడడం సమానమని ఎవరూ రాసివ్వలేదు. మీ ఇంటి గవ్వల సంగతి తేలాలంటే వెయ్యిసార్లు వేసి పౌనఃపున్యం రాసుకోవలసిందే. ఎన్నిసార్లు వేస్తే అంత నిలకడ. సరైన నాణెం నూరుసార్లు ఎగరవేస్తే బొమ్మలు మామూలుగా 40 నుంచి 60 దాకా ఎన్నైనా రావచ్చు. పదివేలసార్లు వేస్తే 4900 నుంచి 5100 లోపు. నూటికి పది వంతుల తడబాటు ఒక వంతుకు దిగింది. తడబాటు పదో వంతు చేయడానికి శ్రమ నూరు రెట్లు పెట్టవలసి వచ్చిందని కూడా గమనించండి. నలుగురిని అడిగి వూరి సంగతి తేల్చేవారికి ఇది గుణపాఠం.

నాలుగో కాన్పు

"ముగ్గురూ ఆడపిల్లలే. ఈసారి మగపిల్లవాడు ఖాయం" అని ఇరుగుపొరుగు అమ్మలక్కలు ధైర్యం చెబుతూ వుంటారు. అత్తగారూ అదే నమ్మకంతో వుంటుంది. ఈ నమ్మకం ఎంతమంది కోడళ్ళ ఆరోగ్యం తీసిందో చెప్పనక్కరలేదు. శాస్త్రంలో స్వతంత్ర ఘటనలని ఒక మాట వున్నది. ముందు జరిగినదాని ప్రభావం తరువాతి దాని మీద లేకపోతే అవి స్వతంత్రాలు. గవ్వకు కిందటిసారి ఎట్లా పడ్డామో జ్ఞాపకం వుండదు. మూడు కాన్పుల లెక్క నాలుగో కాన్పుకు తెలియదు. అప్పుడూ సంభావ్యత సుమారు సగమే.

ఇంకొక సంగతి. నలుగురు పిల్లలున్న పదహారు ఇళ్ళు తీసుకోండి. ఒక ఇంట నలుగురూ ఆడపిల్లలే వుండడం వింత కాదు; అష్ట పడినంత మామూలు. అది ఆ ఇల్లాలి తప్పూ కాదు, ఎవరి పాపమూ కాదు. నాలుగు గవ్వల లెక్క తెలిసిన అత్తగారు కోడలిని నిందించదు.

జూదరిని ముంచేదీ ఈ తప్పే. మట్కావంటి ఆటలో పది అంకెల్లో ఒకటి వస్తుందనుకోండి. తగిలితే రూపాయికి తొమ్మిది రూపాయలు. "ఏడు వచ్చి చాలా రోజులయింది, ఇవాళ వస్తుంది" అని ఇంటి సరుకుల డబ్బు తీసుకుపోతాడు మొగుడు. ఏడుకు తాను వచ్చి ఎన్నాళ్ళయిందో తెలియదు. ఓడిపోవడం ఇష్టం లేక ఒకడు పది అంకెల మీదా తలా ఒక రూపాయి పెట్టాడనుకోండి. గెలుపు ఖాయం! పది రూపాయలు పెట్టి తొమ్మిది తెచ్చుకుంటాడు. ఒక్క అంకె మీద రోజూ పెట్టేవాడికీ దీర్ఘకాలంలో అదే సగటు. తేడా ఏమిటంటే వీడికి నష్టం ఆలస్యంగా తెలుస్తుంది.

నూరేళ్ళ వరద

2021 నవంబరు 19న చెయ్యేరు పొంగి, అప్పటి కడప జిల్లాలో అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట తెగింది. పులపత్తూరు, మందపల్లి మొదలైన వూళ్ళు కొట్టుకుపోయినవి. ఎందరో ప్రాణాలు పోగొట్టుకున్నారు. ఇట్లాంటి విపత్తులు వచ్చినప్పుడల్లా ఒక మాట వినబడుతుంది: "ఇది నూరేళ్ళకోసారి వచ్చే వరద." వినేవారు, "అయితే మన జీవితంలో మళ్ళీ రాదులే" అని నిశ్చింతగా వుంటారు. ఆ మాటకు అర్థం అది కాదు. ఏ ఏడైనా అది వచ్చే సంభావ్యత నూరో వంతు అని మాత్రమే అర్థం. ఈ ఏడు వచ్చి వచ్చే ఏడు మళ్ళీ రావచ్చు.

ఏటి ఒడ్డున ఇల్లు కట్టి ముప్ఫై ఏళ్ళ అప్పు తీసుకున్న మనిషి లెక్క వేసుకోవలసింది ఇట్లా. ఒక ఏడు రాకపోవడానికి నూటికి 99 వంతులు. ముప్ఫై ఏళ్ళూ రాకపోవడానికి ఆ 99 వంతును ముప్ఫైసార్లు గుణించాలి. వచ్చేది నూటికి 74. అంటే అప్పు తీరేలోగా ఒక్కసారైనా వరద వచ్చే సంభావ్యత నూటికి 26, పావలా వంతు! నాలుగు ఇళ్ళలో ఒక ఇంటికి అప్పు తీరకముందే పెద్దనీరు. "వస్తుందా?" అని అడిగితే "రాకపోవచ్చు" అనే జవాబు. "ఎంతవరకు రావచ్చు?" అని అడిగితే ఇల్లు కొంచెం మెరక మీదికి జరుగుతుంది.

తగిలినవీ, తగలనివీ

ఈ గుణకారమే జోస్యానికీ వర్తిస్తుంది. ఏటా నూరో వంతు సంభావ్యత గల ఘటన మూడువందల ఏళ్ళలో ఒక్కసారైనా జరగడానికి నూటికి 95 వంతులు. వరదలు, కరువులు, మశూచికాలు, కలహాలు – తేదీ పెట్టకుండా చెప్పినది ఏదైనా కాలం గడిచినకొద్దీ జరిగి తీరుతుంది. 2020లో కరోనా వచ్చినప్పుడు కాలజ్ఞానంలో ముందే వున్నదని ఫోనుల్లో ఎన్నో పద్యాలు తిరిగినవి. అచ్చులో దొరికే కాలజ్ఞానం ప్రతులన్నీ ఒకే పాఠం చూపవు. ఏది బ్రహ్మంగారి మాటో, ఏది తరువాతివారు చేర్చినదో పరిష్కరించడం పండితుల పని. కాని చదివేవారు గుర్తుంచుకోవలసినది ఒకటి వున్నది. తగిలినవి చెప్పుకుంటాం, తగలనివి మరిచిపోతాం. ఒక మందు గురించి గాని, జాతకం గురించి గాని, కోచింగ్ కేంద్రం గురించి గాని నిజం తెలియాలంటే తగిలినవాటిని తగిలినవీ తగలనివీ కలిపిన మొత్తంతో భాగించాలి. ర్యాంకులు వచ్చినవారి ఫొటోలు గోడల మీద వుంటవి. రానివారి ఫొటోలు ఎక్కడా వుండవు.

ఇందులో బ్రహ్మంగారికి అగౌరవమేమీ లేదు. దూదేకుల సిద్దయ్యను శిష్యుడుగా చేరదీసి, కులభేదాలు కాదన్న మహానుభావుడాయన. చెడు కాలం వస్తుంది, నడత దిద్దుకోండి అని జనానికి చెప్పినవాణ్ణి రేపటి వాన ఎంత అని అడగడమే ఆయనకు చేసే అపచారం. నడత సంగతి ఆయనను అడుగుదాం. వాన సంగతి దత్తాంశాలను అడుగుదాం.

1968లో తెలుగు అకాడమీ ఏర్పడ్డ తరువాత కళాశాల చదువులకు తెలుగులో పాఠ్యగ్రంథాలు వచ్చినవి. మధ్యగతం, విచలనం, సంభావ్యత వంటి మాటలకు వాటివల్ల చదువుల్లో ప్రచారం వచ్చింది. ఇవి పరీక్ష కాగితం దాటి ఇంటి గడప తొక్కలేదన్నదే నా విచారం. పత్రికలో అంకె కనబడినప్పుడు, ఎవరైనా వచ్చి లాభం ఖాయమన్నప్పుడు, మూడు ప్రశ్నలు అడిగి చూడండి. ఎన్నింటిలో ఎన్ని? ఎంచింది ఎవరు, ఎట్లా? సగటుకు ఎంత దూరం పోవచ్చు? ఈ మూడింటికీ తిన్నగా జవాబు చెప్పలేనివాడికి డబ్బు గాని, పిల్లవాణ్ణి గాని అప్పగించకుండా వుంటే, లెక్కలు రాకపోయినా లెక్క తెలిసినవారమే అవుతాం.